అప్‌డేట్: దోసావకాయ ఈసారి చేదెక్కలేదు, నీరు కారలేదు

విజయనగరం రైతుబజారు దోసకాయలతో పెట్టిన దోసావకాయ రెండో రోజుకే నీరు తేలి చేదెక్కిందని అడిగాను కదా. చేదుకి ఆవపిండి, నీటికి ముక్కల్లోని తడి కారణమని మీరు చెప్పినవి రెండూ నిజమే.

చేదు కాయది కాదు, ఆవపిండిది. మిక్సీ ఆపకుండా తిప్పితే పిండి వేడెక్కి చేదొస్తుంది. ఈసారి ఆవాలు ఎండలో పెట్టి, పూర్తిగా చల్లారాక, ఆపి ఆపి తిప్పాను. అయినా ప్రతి కాయనీ కొరికి చూడాలి. ఒక్క చేదుకాయ చాలు జాడీ పాడవడానికి.

ఇక నీరు. గట్టి కాయలే తీసుకుని, కడిగి తుడిచి, గింజలూ మెత్తటి గుజ్జూ తీసేసి, తొక్కతోనే కోసి, గుడ్డ మీద గంట ఆరబెట్టాను. నాలుగు కప్పుల ముక్కలకి అరకప్పు ఆవపిండి, అరకప్పు కారం, పావుకప్పు పైచిలుకు ఉప్పు, చెంచా మెంతులు, కప్పు నువ్వులనూనె.

నూనె మాత్రం కాచొద్దు. వేడి తగిలితే ఆవఘాటు చస్తుంది, చేదు మిగులుతుంది.

మూడో రోజుకి ముక్క ఇంకా కరకరలాడుతోంది, ఊట చిక్కగా ఎర్రగా ఉంది. కాస్త ఊట ఎలాగూ వస్తుంది, అది తప్పు కాదు. ఫ్రిజ్‌లో పెట్టి వారం పది రోజుల్లో తినేయడమే. ఇది మామిడి ఆవకాయలా ఏడాది నిలవుండేది కాదు.