ఇంగ్లీషులో స్పెల్లింగ్ ఒకటే, తెలుగులో ఇంటిపేర్లు రెండు. మీకూ ఇలా జరిగిందా?

రేగడినేల:
అందరికీ నమస్కారం. మా ఇంటిపేరు కోళ్ల. తాత సంతకంలో, నాన్న పదో తరగతి సర్టిఫికెట్‌లో, అన్నిట్లో అదే. ఇంగ్లీషులో మాత్రం కె, ఓ, డబుల్ ఎల్, ఏ. మొన్న పొలానికి కొత్త పాస్‌పుస్తకం వస్తే అందులో నాన్న పేరు ముందు 'కొల్లా' అని ఉంది. ఇంగ్లీషు స్పెల్లింగ్ చూసి ఎవరో తమకి తోచినట్టు తెలుగులో కొట్టేశారు. కొల్లా కూడా ఇంటిపేరే. మా పక్క వీధిలోనే ఆ ఇంటిపేరు వాళ్లున్నారు, వాళ్లలో ఒకాయనకి అచ్చం నాన్న పేరే, నా టెన్షన్ అంతా అక్కడే. లోన్‌కి వెళ్తే బ్యాంకులో ఈ పొలం మీదేనా అని అడిగారు. ఆ మాటకి నాన్న రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. ఇలా ఒకేలా రాసే, ఒకేలా వినిపించే పేర్లతో ఇబ్బంది పడ్డవాళ్లు ఎవరైనా ఉంటే ఏం చేశారో చెప్పండి.

బడిపంతులు:
బాబూ, ముప్పై ఏళ్లు హాజరుపట్టీలు రాశాను, ఇది నేను చాలాసార్లు చూసిన బాధే. మనకి త వేరు, ట వేరు. ద, డ వేరు. ల, ళ వేరు. ఇంగ్లీషులో రాసేసరికి ఈ జంటలన్నీ సాధారణంగా ఒక్కో అక్షరంలోకి వెళ్లిపోతాయి, దీర్ఘాలు కూడా చాలావరకు పోతాయి. వెళ్లేటప్పుడు ఎవరికీ తెలియదు, తిరిగి తెలుగులోకి వచ్చేటప్పుడే మనిషి మారిపోతాడు. తాతా ఇంటిపేరున్న పిల్లవాడొకడు నా దగ్గర చదివాడు, పై చదువుకి వేరే రాష్ట్రం వెళ్తే అక్కడందరూ వాణ్ణి టాటా అనే పిలిచారట. దాడి వాళ్లని దాది అని చదివినవాళ్లున్నారు. నల్ల, నల్లా, నాళ్ల, ఈ మూడూ ఇంగ్లీషులో ఒకేలా రాస్తారు. అందుకే ఏ అర్జీ ఇచ్చినా ఇంటిపేరు తెలుగులో కూడా విడిగా, స్పష్టంగా రాసి ఇవ్వండి. మీ ఇంట్లో ఉన్న అన్నిటికంటే పాత తెలుగు కాగితం ఏదో వెతకండి.

కొత్తగాలి:
స్పెల్లింగే మార్చేస్తే పోతుంది కదా అన్నా? ఓ రెండుసార్లు పెడితే దీర్ఘం వస్తుంది.

బడిపంతులు:
వద్దు నాయనా. అలా మారిస్తే ఆధార్, పాన్, బ్యాంకు, చదువు కాగితాలు ఒకదానితో ఒకటి కలవవు. ఇప్పుడు తప్పు ఒక్కచోటే ఉంది, పైగా అది తెలుగులో ఉంది. అక్కడే దిద్దించాలి.

మెతుకుసీమ:
పంతులుగారు నల్లా అన్నారు కాబట్టి చెప్తున్నా. మా దగ్గర నల్లా అంటే కుళాయి. కోస్తా నుంచి వచ్చిన మా కోడలు కొత్తలో నల్లా, నాలా రెండూ ఒకటే అనుకుంది. నాలా అంటే మురుగునీళ్లు పోయే కాలువ. "నల్లా నీళ్లు తాగొచ్చా" అని ఆ పిల్ల భయంగా అడిగితే నాకు మొదట అర్థమే కాలేదు.

ఇంకోటి, మాది మెదక్ జిల్లా నర్సాపూర్. పశ్చిమ గోదావరిలో ఉన్నది నర్సాపురం, కానీ రైలు బోర్డుల మీద దాన్నీ నర్సాపూర్ అనే రాస్తారు. మా ఇంటికి రావాల్సిన పెద్దాయన సికింద్రాబాద్‌లో ఆ బోర్డు చూసి ఎక్కి కూర్చున్నారు. పక్కనున్నవాళ్లు "పాలకొల్లు తర్వాత దిగాలండీ" అని చెప్తే అప్పుడు ఫోన్ చేశారు. తర్వాత స్టేషన్‌లో దింపించే దాకా మా ఇంట్లో ఎవరికీ కాళ్లూ చేతులూ ఆడలేదు.

గోదారిగట్టు:
మాది పెనుగొండ అండి, వాసవీ కన్యకా పరమేశ్వరి అమ్మవారి ఊరు, పశ్చిమ గోదావరి. మా పిన్ని కూతురికి సంబంధం వచ్చిందని, అబ్బాయిది పెనుగొండేనని మధ్యవర్తి ఫోన్‌లో చెప్తే ఊళ్లో ఉన్న కుటుంబం అనుకుని అందరం సంతోషపడ్డాం. వారం రోజులు ఊరంతా వాకబు చేశాం, అలాంటివాళ్లు ఎవరూ లేరు. పిన్ని మోసమేమోనని ఏడ్చేసింది కూడా. తీరా చూస్తే వాళ్లది పెనుకొండ, అనంతపురం వైపు ఉన్నది, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు రాజధాని చేసుకున్న ఊరు అదే. మధ్యలో ఒక్క క, గ తేడా, ఊళ్లేమో రాష్ట్రానికి చెరో చివర. పెను అంటే పెద్ద కదా, అక్కడ నిజంగానే పెద్ద కొండ ఉంది, మా పెనుగొండ అంతా డెల్టా నేల, కొండే లేదు. ఆ సంబంధం కుదిరింది, అమ్మాయి ఇప్పుడు పెనుకొండలోనే సుఖంగా ఉంది. పుట్టిల్లు ఏ ఊరని అడిగితే చెప్పడానికి మాత్రం ప్రతిసారీ రెండు నిమిషాలు పడుతుందట.

కొండమల్లె:
ఊరి పేరుకి ముందుండే ఒక్క అక్షరాన్ని వదిలేయకండి, ఇది మా వైపు అందరూ చేసే తప్పు. జి.మాడుగుల అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఏజెన్సీ ఊరు, వి.మాడుగుల అనకాపల్లి జిల్లాలో, హల్వాకి పేరున్నది. అలాగే కృష్ణా జిల్లాలో గన్నవరం, కోనసీమలో పి.గన్నవరం. ఎస్.కోట అంటే శృంగవరపుకోట. మనుషుల ఇనీషియల్ లాంటిదే కదా అని ఆ అక్షరం తీసేసి అడ్రస్ రాస్తే నాకు రావాల్సిన మందుల పార్శిల్ నాలుగు రోజులు కొండకీ కిందకీ తిరిగింది. అమ్మకి షుగర్. పిన్‌కోడ్ సరిగ్గా రాసి ఉంటే ఇంత అయ్యేది కాదు, అది నా తప్పే, ఒప్పుకుంటాను.

పల్నాడు_పాఠకుడు:
మాది గురజాల. చెప్పగానే "గురజాడ అప్పారావుగారి ఊరా" అని అడుగుతారు. గురజాడ ఆయన ఇంటిపేరు, ఆయన 1862లో పుట్టింది ఎస్.రాయవరంలో, పైన కొండమల్లెగారు చెప్పిన లాంటి అక్షరం ఊరే. మా గురజాల పల్నాటి యుద్ధం కథలో నలగాముడి రాజధాని. రెండూ గొప్పవే, కలపకండి దయచేసి.

అచ్చుతప్పు:
నేను ప్రూఫులు చూస్తాను, పేర్ల సంగతి కాకపోయినా ఇక్కడ చెప్పాలనిపించింది. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఆహూతులు, ఆహుతులు. ఆహూతులు అంటే పిలిస్తే వచ్చినవాళ్లు. ఆహుతి అంటే హోమంలో వేసేది. "నృత్యం ఆహుతులను అలరించింది" అని రాస్తే సభకి వచ్చినవాళ్లందరినీ నిప్పుల్లో వేసినట్టే, ఒక్క దీర్ఘం పోవడం వల్ల. తర్వాత బహుమతి ప్రదానం. ప్రదానం అంటే ఇవ్వడం, ప్రధానం అంటే ముఖ్యం. బ్యానర్ల మీద 'బహుమతి ప్రధానోత్సవం' అని చూసినప్పుడల్లా ఆగి చెప్పి వస్తాను, కొందరు దిద్దుతారు, కొందరు ఏం తేడా అంటారు. ఇక అర్థం, అర్ధం సంగతి అందరికీ తెలుసు, అయినా మాటకి అర్థం బదులు సగం వచ్చి కూర్చుంటుంది. పింగళి సూరన 16వ శతాబ్దంలోనే ఒకే పద్యం ఒకలా చదివితే రామాయణం, ఇంకోలా చదివితే భారతం వచ్చేలా రాశాడు. అంత జాగ్రత్తగా మాటల్ని పట్టుకున్న భాష మనది, కనీసం ఒత్తులైనా నిలబెట్టుకోవాలి.

రేపటిపొద్దు:
మాది చిత్తూరు. మాకు అనపకాయ అంటే గింజలు ఒలుచుకునేది, చిక్కుడు జాతి. రాజమండ్రిలో ఆనపకాయ అంటే సొరకాయ. అద్దెకి దిగిన కొత్తలో పక్కింటి అక్క ఆనపకాయ తెచ్చిపెడతానంటే గింజలొలవడానికి చేట పట్టుకుని కూర్చున్నాను. అంతే, ఇంకేం లేదు.

రేగడినేల:
అందరికీ థాంక్స్ అండి. పంతులుగారు చెప్పినట్టు వెతికితే తాత పేరు మీదున్న పాత దస్తావేజు దొరికింది, చేతిరాత, తెలుగులో 'కోళ్ల' అని స్పష్టంగా ఉంది. దాని నకలు, నాన్న సర్టిఫికెట్ జత చేసి నిన్న అర్జీ ఇచ్చి రసీదు తీసుకున్నాను. పక్క వీధి కొల్లావారి పెద్దాయన తనే వచ్చి, ఆ పొలం తనది కాదని రాసి సంతకం పెట్టారు, అడక్కుండానే. ఆపరేటర్ టైప్ చేస్తుంటే నాన్న కుర్చీ దగ్గరికి జరుపుకుని, ళ కింద ల ఒత్తు పడిందో లేదో స్క్రీన్ తిప్పి చూపించమని అడిగారు. ఆ అమ్మాయి అక్షరాలు పెద్దవి చేసి మరీ చూపించింది.