అప్‌డేట్: ఎనిమిదో ఎడ్వర్డ్ పెళ్లిని ఆపిన చట్టం ఏది?

1936లో బ్రిటన్ రాజు ఎనిమిదో ఎడ్వర్డ్ వాలిస్ సింప్సన్ కోసం గద్దె దిగాడు కదా, ఆ పెళ్లిని ఏ చట్టం ఆపింది అని అడిగాను. జవాబులిచ్చిన అందరికీ థ్యాంక్స్, తర్వాత నేనూ కాస్త చదివాను.

నేరుగా ఆపిన చట్టమే లేదు! రాజు కేథలిక్‌ను చేసుకోకూడదనే నిషేధం అప్పట్లో ఉండేది గానీ, ఆమె కేథలిక్ కాదు. చిక్కల్లా ఏంటంటే ఆయన ఇంగ్లండ్ చర్చికి అధిపతి, ఆ చర్చేమో అప్పట్లో మాజీ భర్త బతికుండగా మళ్లీ పెళ్లంటే ఒప్పుకునేది కాదు, ఈవిడకేమో మొదటి భర్తతో విడాకులైపోయాయి, రెండో విడాకులు కోర్టులో నడుస్తున్నాయి. పోనీ రాణి హోదా లేకుండా పెళ్లి చేసుకుంటానన్నాడు. దానికి కొత్త చట్టం కావాలి, ప్రధాని బాల్డ్విన్ కుదరదన్నాడు. మంత్రుల మాట కాదంటే ప్రభుత్వం రాజీనామా చేస్తుంది, అసలు టెన్షన్ అక్కడ.

డిసెంబర్ 10న ముగ్గురు తమ్ముళ్లు సాక్షులుగా గద్దె దిగే పత్రంపై సంతకం పెట్టేశాడు. తమాషా ఏంటంటే బ్రిటన్‌లో అది 11న అమల్లోకి వస్తే ఐర్లండ్ చట్టం 12న వచ్చింది, అంటే అక్కడ ఇంకో రోజు ఈయనే రాజు.