బాంగార్ట్‌నర్ ఆటలో 125 కిలోల కుర్రాడికి పనికొచ్చేది ఏముంది?

పట్టువిడుపు:
ఫ్రీస్టైల్ కుస్తీలో 125 కిలోల విభాగానికి ఒక కుర్రాణ్ని తయారు చేస్తున్నాం. బరువు 118 దగ్గరుంది, బలానికి లోటు లేదు. వచ్చిన తంటా ఏంటంటే మీద పడి నెట్టడమే తప్ప కాళ్లకి దిగడు, అంటే వంగి అవతలివాడి కాలు పట్టడు. అమెరికా హెవీవెయిట్ బ్రూస్ బాంగార్ట్‌నర్ పాత బౌట్లు చూపించమంటున్నారు. ఇప్పటి రూల్స్‌కి అందులో ఏది పనికొస్తుంది? ఆయన కోచ్‌గా కూడా చేశారు కదా, ఆ వైపు నుంచి ఏమైనా నేర్చుకోవచ్చా?

గోదా_గట్టు:
చూపించండి. కాకపోతే 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్ స్వర్ణంతో కాకుండా 1992 బార్సిలోనాతో మొదలుపెట్టండి. 1988 సియోల్‌లో సోవియట్ మల్లుడు గోబెజిష్విలి చేతిలో ఓడి రజతంతో సరిపెట్టుకున్నాయన, బార్సిలోనా ఫైనల్లో కెనడాకి చెందిన జెఫ్ థూని 8-0తో ఓడించి స్వర్ణం కొట్టారు. పెద్ద ఒళ్లున్నవాడు తేలిక బరువువాడిలా కాళ్లకి ఎలా దిగుతాడో ఆయన్ని చూసే నేర్చుకోవాలి.

మీవాడు దిగకపోవడానికి ధైర్యం చాలక అనుకోవద్దు, చేతుల పని రాకే అయ్యుంటుంది. ముందు టూ ఆన్ వన్ నేర్పండి. అంటే అవతలివాడి ఒక చేతిని మణికట్టు దగ్గర, మోచేతి పైన రెండు చేతులతో పట్టి పక్కకి లాగడం. లాగితే ఆ వైపు కాలు ముందుకు పడుతుంది. ఆ పాదం నేలకి ఆనే క్షణంలోనే దిగాలి. అప్పుడు బరువంతా ఆ కాలి మీదే ఉంటుంది, వెనక్కి తీసుకోలేడు. తల లోపలివైపు ఉండాలి, చెవి పక్కటెముకలకి ఆనాలి, చూపు పైకి. రెండు చేతులూ మోకాలి వెనక కలవాలి. తొడ మధ్యలో పట్టుకుంటే ఆ లావుకి చేతులు అందవు, జారిపోతాయి.

ఎక్కువమంది చేసే తప్పు, అడుగు వేయకుండా చేతులు చాచడం. నడుము వంగి తల కిందికి పోతుంది, అవతలివాడి స్ప్రాల్ (కాళ్లు వెనక్కి విసిరి మీద పడడం) బరువంతా మెడ మీద పడుతుంది. వాడు చుట్టి మీవాడి వెనక్కి వచ్చి రెండు పాయింట్లు తీసుకుంటాడు. కాలు దొరికాక మోకాళ్ల మీద ఉండిపోవడం ఇంకో తప్పు. వెంటనే లేవాలి. హెవీవెయిట్‌లో కింద గడిపే ప్రతి సెకనూ అవతలివాడి ఖాతాలోకే పోతుంది. లేచాక పడేయలేకపోయినా అంచుకి నడిపించి బయటికి తోస్తే ఒక పాయింటు.

రోజుకి ఒక్కో వైపు 10 చొప్పున నాలుగు సెట్లు, ఎదురు లేకుండా మొదలుపెట్టండి. రూపం కుదిరాక పార్ట్‌నర్ సగం బలంతో ఆపాలి. ఆ తర్వాత పూర్తి ఎదురుతో 30 సెకన్ల లైవ్ రౌండ్లు. ఇప్పుడు దాడి చేయనివాడి మీద రిఫరీ పెట్టే పాసివిటీ గడియారం కూడా అంతే కదా, ఆ 30 సెకన్లలో పాయింటు తేలేకపోతే ఎదుటివాడికి ఒకటి పోతుంది. ఆ తొందరకి కుర్రాడు అలవాటు పడాలి.

నలభైఐదో_నిమిషం:
84 స్వర్ణాన్ని అంత పెద్దది చేయక్కర్లేదు. సోవియట్‌లు బహిష్కరించిన ఒలింపిక్స్ అది.

గోదా_గట్టు:
నేనూ దానితో మొదలుపెట్టొద్దనే కదా అన్నాను! సోవియట్‌లు ఉన్నప్పుడు 1986లో ప్రపంచ ఛాంపియన్ అయ్యారు, 1993, 1995లో మళ్లీ అయ్యారు. ఒలింపిక్స్‌వి నాలుగు, వరల్డ్స్‌వి తొమ్మిది, మొత్తం 13 పతకాలు. 35 ఏళ్ల వయసులో 1996 అట్లాంటాలో కాంస్యం. బహిష్కరణతో కొట్టిపారేసే లెక్క కాదండీ.

మెడబలం:
కోచింగ్ సంగతి. 1984లో అమెరికాలోని ఎడిన్‌బరో యూనివర్సిటీలో అసిస్టెంట్ కోచ్‌గా చేరి, 1990 నుంచి 1997 దాకా హెడ్ కోచ్‌గా ఉన్నారు. అంటే అంతర్జాతీయ పతకాల్లో ఎక్కువ భాగం కోచింగ్ చేస్తూనే గెలిచారు. పైగా అక్కడ నేర్పేది అమెరికా కాలేజీల కుస్తీ పద్ధతి ఫోక్‌స్టైల్, తాను ఆడేది ఫ్రీస్టైల్. అమెరికా వీడియోలు చూసేటప్పుడు ఈ తేడా మీరు గట్టిగా గుర్తుంచుకోవాలి. ఫోక్‌స్టైల్‌లో కింద నుంచి తప్పించుకుంటే పాయింటు, పైన అదిమి ఉంచిన సమయానికీ విలువ. ఫ్రీస్టైల్‌లో తప్పించుకున్నందుకు ఏమీ రాదు, వీపు మ్యాట్ వైపు తిరిగితే మాత్రం రెండు పోతాయి. ఫోక్‌స్టైల్ కుర్రాళ్లు తప్పించుకోవడానికి వీపు మీద దొర్లిపోతుంటారు. మీవాడు అది చూసి నేర్చుకుంటే ప్రతి దొర్లుకీ రెండు సమర్పించుకున్నట్టే. కిందపడ్డాక బోర్లా పడుకుని, మోచేతులు ఒంటికి దగ్గరగా, తుంటి మ్యాట్‌కి అదిమి ఉంచడం విడిగా నేర్పండి.

ఇంకో మాట. ఆయన సియోల్, బార్సిలోనాలో ఆడింది 130 కిలోల పరిమితిలో. ఇప్పుడు 125. మీవాడు 118 ఉన్నాడు కాబట్టి కంగారుపడి తిండితో పెంచకండి. కొవ్వుతో వచ్చిన ఏడు కిలోలు మూడు నిమిషాల రెండో పీరియడ్‌లో కాళ్లకి బరువవుతాయి.

పట్టువిడుపు:
చాలా థ్యాంక్సండీ. ఓర్పు కోసం రోజూ 5 కిలోమీటర్లు పరుగెత్తిస్తున్నాం, ఉంచాలా?

మెడబలం:
తగ్గించండి. 118 కిలోల మోకాళ్లకి రోజూ రోడ్డు పరుగు దండగ. వారానికి ఒక్కసారి చాలు, అదీ మెత్తటి నేల మీద. మిగతా రోజులు సైకిల్ గానీ రోయింగ్ మెషిన్ గానీ: 20 సెకన్లు పూర్తి జోరు, 40 సెకన్లు నెమ్మది, ఆరు సార్లు, 30 సెకన్ల విరామం, మళ్లీ ఆరు. అంటే దాదాపు బౌట్ నిడివికి రెట్టింపు. సింగిల్ లెగ్ (పైన చెప్పిన ఒక కాలు పట్టే దాడి) మొదలుపెట్టే ముందు నెల రోజులు మెడ వ్యాయామం పెట్టండి. చేతులు ఆన్చి చేసే బ్రిడ్జ్‌తో (వెల్లకిలా తల, పాదాల మీద ఒళ్లు పైకెత్తడం) మొదలుపెట్టి, నొప్పి లేకపోతేనే చేతులు తీయాలి.