అప్‌రైట్ బాస్: వేళ్లు బొబ్బలెక్కుతుంటే మార్చాల్సింది స్ట్రింగ్సా, బ్రిడ్జి ఎత్తా?

తార్నాక బాస్
అందరికీ నమస్కారం. చాలా ఏళ్లుగా ఎలక్ట్రిక్ బాస్ వాయిస్తున్నాను. ఈ మధ్యే సికింద్రాబాద్‌లో ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండ్ అప్‌రైట్ (పెద్ద వయొలిన్‌లా నిలబెట్టి వాయించే బాస్) కొన్నాను. త్రీ-ఫోర్త్ సైజు, ప్లైవుడ్ బాడీ. ఆదివారం తిరుమలగిరి వైపు ఒక చర్చిలో కోయిర్ వెనక, శనివారం సాయంత్రం జూబ్లీహిల్స్‌లో ఒక కేఫ్‌లో ట్రయోతో వాయిస్తాను. దాదాపు అంతా వేళ్లతో మీటడమే. కమాను బయటికి తీసేది క్రిస్మస్ పాటలకే.

రెండో సెట్ మొదలయ్యేసరికి కుడి చూపుడువేలి పక్కన బొబ్బ లేస్తోంది. ఎడమచేతి బొటనవేలి మొదట్లో కండ పట్టేస్తోంది. ఇప్పుడున్నవి థామస్టిక్ కంపెనీ స్టీల్ స్ట్రింగ్స్, స్పైరోకోర్ మిట్టెల్, అంటే మీడియం. అమ్మినాయన "ఇవే అసలు సిసలు జాజ్ స్ట్రింగ్స్, మార్చొద్దు" అని మరీ చెప్పాడు. ఒక్క సెట్ కొనడానికి సరిపడా డబ్బుంది. అదే స్పైరోకోర్‌లో లైట్ రకం (వైష్) తీసుకోవాలా, లేక పిరాస్ట్రో కంపెనీ సింథటిక్ తీగలు ఆబ్లిగాటోకి పోవాలా అని ఊగుతున్నాను. ఇవి బయటి నుంచి తెప్పించుకోవాల్సినవే. సీలు తీశాక నచ్చలేదంటే వెనక్కి తీసుకునే నాథుడు లేడు. అందుకే అడుగుతున్నా, వేళ్లకి ఏవి హాయి?

కొలతలరాయుడు
తమ్ముడూ, డబ్బు జేబులోనే ఉంచుకుని ముందు ఒక స్కేలు తీయి. ఫింగర్‌బోర్డు (వేళ్లతో తీగ నొక్కే పలక) కింది చివర, చెక్కకీ తీగకీ మధ్య సందు కొలువు. మీటి వాయించేవాళ్లకి అన్నిటికన్నా సన్న తీగ జి కింద 5-6 మిల్లీమీటర్లు, లావు తీగ ఇ కింద 8-9 ఉంటే సుఖంగా ఉంటుంది. తర్వాత పైన, తీగలు బిగించే పెగ్‌బాక్స్ దగ్గర నట్ (తీగలు ఆనే గాళ్ల పట్టీ) చూడు. అక్కడ తీగ కింద ఒక విజిటింగ్ కార్డు దూరితే చాలు. అంతకన్నా ఎత్తుంటే ఇ మీద ఎఫ్, ఎ మీద బి ఫ్లాట్ నొక్కడానికే ప్రాణం పోతుంది. ఏ కంపెనీ స్ట్రింగ్స్ వేసినా ఆ బాధ తప్పదు.

తార్నాక బాస్
కొలిచానన్నా. జి 9, ఇ 12. నట్ దగ్గర మూడు కార్డులు ఒకదాని మీద ఒకటి పెట్టినా దూరిపోతున్నాయి.

కొలతలరాయుడు
దొంగ దొరికాడు. స్ట్రింగ్స్ ఆర్డర్ క్యాన్సిల్.

పాత రికార్డింగ్ గది
రాయుడుగారి కొలతలతో నాకు పేచీ లేదు. దొంగ ఒక్కడే అంటేనే పేచీ. ఎత్తు దించితే ఎడమచేతికి సుఖం వస్తుంది. కుడిచేతి వేలికి తగిలేది ఎత్తు కాదు, టెన్షన్. మీడియం స్టీల్ సెట్‌లో ఒక్కో తీగ సుమారు 27 నుంచి 32 కిలోల బిగువులో ఉంటుంది. నాలుగూ కలిపితే నూట ఇరవై కిలోల దాకా పోతుంది. తీగల్ని ఎత్తి పట్టే బ్రిడ్జిని ఒక అంగుళం దించినా ఆ బిగువు ఎక్కడికీ పోదు. పైగా స్టీల్ సన్నగా ఉంటుంది. రెండు మూడు గంటలు లాగితే వేలిలోకి దిగుతుంది.

ఇంకో సంగతి ఎవరూ చెప్పడం లేదు. మెత్తని తీగ వెడల్పుగా ఊగుతుంది. ఎత్తు బాగా దించేసి, ఆ తర్వాత లైట్ స్ట్రింగ్స్ వేస్తే ఫింగర్‌బోర్డుకి కొట్టుకుని జరజరమంటుంది. అంటే ఏ స్ట్రింగ్స్ వేస్తావో తేలకుండా బ్రిడ్జి కోయిస్తే, కోసిన చెక్క మళ్లీ అతకదు. అందుకే స్ట్రింగ్స్ సంగతి ముందు తేలాలి.

గట్ మాత్రమే
ఇద్దరూ ఇనుము చుట్టూనే తిరుగుతున్నారు. 1950ల దాకా బాస్ అంటేనే గట్, అంటే పేగు తీగ. జాజ్ బాసిస్ట్ పాల్ ఛేంబర్స్ రికార్డింగుల్లో వినిపించే ఆ గుండ్రని 'డుమ్' గట్‌దే. లావుగా, మెత్తగా ఉంటుంది, వేలు కోయదు. స్టీల్ వచ్చాక బాస్ వాళ్లంతా ఎత్తు దించుకుని వేగంగా వాయించడం మొదలుపెట్టారు, నిజమే. వేళ్లకి సుఖం మాత్రం గట్ దగ్గరే ఆగిపోయింది.

కమాను పట్టినమ్మ
హైదరాబాద్‌లో గట్ వేసుకుని చూశారా అండీ? మే నెల మధ్యాహ్నం గాలిలో తేమ ముప్పై శాతం కిందికి పడిపోతుంది, ఆగస్టులో ఎనభై. బయట చినుకులు పడుతుంటే ఆటో ట్రాలీలో బాస్ తెచ్చి, ఏసీ హాల్లో పెట్టి, పాట పాటకీ ట్యూన్ చేసుకోవాలి. ఊళ్లో పేరున్న వయొలిన్ విద్వాంసులే స్టీల్‌కి మారారు, ఊరికేనా?

మల్కాజ్‌గిరి గిటార్
గట్ అంటే గొర్రె పేగు కదా అన్నా? మా ఇంట్ల బాస్ పెట్టేది దేవుడి గది పక్కకే. అమ్మకు తెలిస్తే నన్నూ బాస్‌నూ కలిపి బయటపెడ్తది.

గట్ మాత్రమే
మృదంగానికి తోలు ఏ చెట్టుకి కాస్తుంది నాయనా? అమ్మనే అడుగు. పేగు వద్దంటే నైలాన్ టేప్ చుట్టినవి ఉన్నాయి. జాజ్ బాసిస్ట్ రాన్ కార్టర్ వాయించేవి లా బెల్లా వాళ్ల నల్ల నైలాన్‌వే. నునుపుగా, వేలికి మెత్తగా ఉంటాయి. కమాను మాత్రం వాటి మీద సరిగ్గా పట్టదు, అది ఒప్పుకుంటాను.

లెక్కల మాస్టారు
పైసా ఖర్చు లేకుండా ఒక పరీక్ష ఉంది, అది ఎవరూ చెప్పలేదు. నాలుగు తీగల్నీ అర స్వరం దించి వాయించి చూడండి. తీగ టెన్షన్ దాని ఫ్రీక్వెన్సీ వర్గాన్ని బట్టి ఉంటుంది. అర స్వరం దించితే ఫ్రీక్వెన్సీ 5.6 శాతం తగ్గుతుంది, టెన్షన్ 11 శాతం తగ్గుతుంది. చాలా కంపెనీల్లో మీడియం నుంచి లైట్‌కి మారితే తగ్గేది కూడా కాస్త అటూ ఇటూగా ఇంతే. అలా వారం వాయించండి. చేతికి తేడా తెలిస్తే లైట్ సెట్ కొనండి. తెలియకపోతే రాయుడుగారి స్కేలే గతి.

పాత రికార్డింగ్ గది
మాస్టారూ, లెక్క సరే. వదులు చేసిన మిట్టెల్ వైష్ అయిపోదు. తీగ లావు అదే, లోపలి కోర్ అదే, మొరాయింపూ అదే. అసలు లైట్ తీగ ఇంకాస్త సన్నగా ఉంటుంది, మోగే తీరు కూడా వేరు.

లెక్కల మాస్టారు
శబ్దం గురించి నేనేమీ చెప్పలేదే! ఆయన అడిగింది వేళ్ల సుఖం. దానికి ఈ పరీక్ష చాలు.

కమాను పట్టినమ్మ
తార్నాక గారూ, ఆబ్లిగాటో గురించి ఒక మాట. నేను చాలాకాలం వాటి మీదే వాయించాను. లోపల సింథటిక్ కోర్, శబ్దం గట్‌కి దగ్గరగా వెచ్చగా ఉంటుంది. కమానుకి వెంటనే పలుకుతుంది, మీటినా హాయిగానే ఉంటుంది. స్పైరోకోర్ మీద కమానుతో శుభ్రంగా శబ్దం మొదలుపెట్టడమే పెద్ద పని. అయితే మూడు విషయాలు చూసుకోండి. ఆబ్లిగాటో స్టీల్ కంటే లావు. మీ నట్‌లో గాళ్లు స్పైరోకోర్‌కి సరిపడా ఉంటే అవి ఇందులో ఇరుక్కుంటాయి, వెడల్పు చేయించాలి. ఒకసారి వెడల్పు చేశాక మళ్లీ సన్న స్టీల్‌కి వెళ్తే తీగ గాడిలో పక్కలకి కదులుతుంది. ఇక వేసిన మొదటి రోజుల్లో సాగుతూనే ఉంటాయి, శనివారం వేసి ఆదివారం చర్చికి వెళ్లొద్దు. ముఖ్యంగా, స్పైరోకోర్ ఉన్నంత కాలం ఇవి ఉండవు. స్పైరోకోర్ కొత్తలో తీగ తీగలా గింగిరుమంటుంది, తర్వాత కుదురుకుని ఏళ్ల తరబడి మోగుతుంది. డబ్బు చూసుకునేవాళ్లకి అది చిన్న విషయం కాదు.

మల్కాజ్‌గిరి గిటార్
నాకు తెల్వక అడుగుతున్న. యాంప్‌కు పెడ్తే మెల్లగ మీటినా సరిపోతది కదా? గంత గట్టిగ గుంజుడెందుకు?

పాత రికార్డింగ్ గది
ఈ చర్చలో ఇప్పటిదాకా వచ్చిన మంచి ప్రశ్న ఇదే. కేఫ్‌లో డ్రమ్స్ పక్కన నిలబడితే మన శబ్దం మనకే వినపడక లాగేస్తాం. యాంప్‌ని నేల మీద కాకుండా కుర్చీ ఎత్తులో, చెవి వైపు తిప్పి పెట్టండి. సగం బొబ్బలు అక్కడే తగ్గుతాయి. శబ్దాన్ని యాంప్‌కి పంపే పికప్ మీది బ్రిడ్జికి అంటించే పియజో రకం అయితే ఏ స్ట్రింగ్స్ అయినా పనిచేస్తాయి. మాగ్నెటిక్ అయితే గట్, ఇనుము లేని నైలాన్ ఆలోచన మానుకోండి, దానికి తీగలో ఇనుము ఉండాలి.

కుడిచేతి వేలి సంగతి కూడా. ఎలక్ట్రిక్‌లో వేలి కొసతో లాగుతాం. ఇక్కడ వేలిని దాదాపు తీగ వెంబడే పడుకోబెట్టి, పక్క భాగం అంతటితో, చేతి బరువుతో నెట్టాలి. కొసతో లాగితే ఏ స్ట్రింగ్స్ అయినా కోస్తాయి.

కొలతలరాయుడు
ఎడమచేతికీ అంతే. బొటనవేలు మెడ వెనక నుంచి పూర్తిగా తీసేసి వరసగా స్వరాలు వాయించి చూడు. భుజం నుంచి వేలాడే చేతి బరువుతో నోట్లు పలికితే నీ పద్ధతి సరిగానే ఉన్నట్టు. పలకకపోతే నువ్వు ఇన్నాళ్లూ పట్టకారు పట్టినట్టు బిగిస్తున్నావన్నమాట. అది బొబ్బ కాదు, కండ పట్టేయడం కాబట్టి అశ్రద్ధ చేయకు. వేళ్లు తిమ్మిరెక్కడం, మణికట్టులో పోటు ఉంటే వాయించడం ఆపి డాక్టర్‌కి చూపించు. అక్కడ మా సలహాలు పనికిరావు.

తార్నాక బాస్
మాస్టారు చెప్పిన పరీక్ష చేశాను. కోయిర్ వాళ్లకి చెప్పకుండా అర స్వరం దించి, నేను అర స్వరం పైన వాయించాను. ఒక పాటలో మాత్రం ఖాళీ తీగ కొట్టి పాస్టర్‌గారి చూపు తిన్నాను, అది వేరే కథ.

కుడిచేతికి తేడా బాగా తెలిసింది. జి, డి తీగల మీద ఇంకా బాగా. రెండో గంటలో కూడా వేలు మండలేదు. ఎడమచేతికి పై స్వరాల్లో, ఆక్టేవ్ దగ్గర కొంచెం తేలికైంది. నట్ పక్కన మొదటి స్థానంలో ఏమీ మారలేదు, బి ఫ్లాట్ దగ్గర అదే బిగువు. బొటనవేలు తీసి చూశాను, పై స్వరాలు పలుకుతున్నాయి, నట్ దగ్గరివి పలకడం లేదు.

కొలతలరాయుడు
నట్! మూడు కార్డులు! నేను మొదటి రోజే చెప్పాను.

పాత రికార్డింగ్ గది
కుడిచేతి సంగతి నేనూ మొదటి రోజే చెప్పాను.

లెక్కల మాస్టారు
మీ ఇద్దరూ గెలిచారు, బిల్లు ఆయనకి రెండింతలైంది.

తార్నాక బాస్
ఇప్పుడు అసలు చిక్కు. నా బ్రిడ్జికి తిప్పే చక్రాలు లేవు, ఉత్త చెక్క. దించాలంటే కోయించాలి. ఊళ్లో గిటార్లు బాగుచేసే ఒకతను "అరగంట పని, 3 మిల్లీమీటర్లు కోసేస్తా" అంటున్నాడు. ఇప్పుడేమో జూలై.

కమాను పట్టినమ్మ
వద్దు! వానాకాలంలో చెక్క తేమ పీల్చుకుని ముందు పలక ఉబ్బుతుంది, తీగలు దానంతటవే పైకి లేస్తాయి. ఇప్పుడు జి ఎత్తు 6కి కోయిస్తే ఏప్రిల్‌లో అది 5 కిందికి దిగి జరజర మొదలవుతుంది. ప్లైవుడ్ బాస్, చెక్కని చెక్కి చేసిన బాస్ అంత కదలదు గానీ అసలు కదలకుండా ఉండదు. ఆ కోత ఖర్చుకి ఇంకొంత కలిపి బ్రిడ్జి కాళ్లలో అడ్జస్టర్లు (ఆ తిప్పే చక్రాలు) పెట్టించుకోండి. ఎండాకాలం పెంచుకోవచ్చు, వానాకాలం దించుకోవచ్చు. అరగంట అన్నవాడికి బాస్ బ్రిడ్జి ఎప్పుడైనా చేశావా అని అడగండి. రెండు కాళ్లలో రంధ్రాలు నిలువుగా, ఒకే వరసలో పడకపోతే బ్రిడ్జి ఒరుగుతుంది.

పాత రికార్డింగ్ గది
అడ్జస్టర్ల మాటకి నాదీ ఓటు. నట్ గాళ్లు లోతు చేయించేటప్పుడు వెడల్పు ముట్టుకోవద్దని చెప్పండి. వెడల్పు ఎప్పుడైనా పెంచుకోవచ్చు, తగ్గించలేం. గాడిలో పెన్సిల్ లెడ్ రాయించండి, తీగ జారుతుంది.

నా సలహా ఇది. ఇ, ఎ తీగలు ఉన్న మిట్టెలే ఉంచుకోండి, అవి ఏళ్ల తరబడి మోగుతాయి. మీ వేలికి బాధ పెట్టేవి జి, డి అని మీరే తేల్చారు. అవి రెండే వేరే మెత్తనివి వేయండి. స్పైరోకోర్ జి సన్నగా కీచుమంటుందని తిట్టుకునేవాళ్లు ఎలాగూ బోలెడుమంది. చాలామంది పై రెండూ సింథటిక్, కింది రెండూ స్పైరోకోర్ వేసుకుంటారు.

గట్ మాత్రమే
పై రెండూ గట్ వేసుకోవచ్చు కదా!

కమాను పట్టినమ్మ
అయ్యా, మీరు ఏప్రిల్ దాకా ఆగండి.

కొలతలరాయుడు
సగం సెట్ మార్చడం నాకు నచ్చదు. డి నుంచి ఎ కి దిగినప్పుడు శబ్దం ఒక మెట్టు దిగినట్టు వినిపిస్తుంది, కోయిర్ వెనక ఇంకా తెలుస్తుంది. నట్, అడ్జస్టర్లు చేయించి నెల వాయించి, అప్పుడు చూడు.

తార్నాక బాస్
నట్, అడ్జస్టర్లు ఈ నెలే చేయిస్తున్నాను, గిటార్ అతనితో కాదు. అవి అయ్యాక మిట్టెల్‌నే మామూలు శ్రుతికి ఎక్కించి వాయిస్తాను. అప్పటికీ కుడివేలు మండితే జి, డి ఆబ్లిగాటో. మొత్తం సెట్ కొనడం లేదు. రాయుడన్నా, మెట్టు వినిపిస్తే వినిపించనీ, కేఫ్‌లో మిక్సీ మోతలో ఎవరికి తెలుస్తుంది?

కొలతలరాయుడు
మార్చేటప్పుడు నాలుగూ ఒకేసారి విప్పకు, లోపల నిలబెట్టిన కర్ర, సౌండ్‌పోస్ట్, పడిపోవచ్చు. ఒకటి తీసి, ఒకటి వేసి, బ్రిడ్జి ఫింగర్‌బోర్డు వైపు వంగిందేమో చూసుకుని రెండోదానికి పో.

మల్కాజ్‌గిరి గిటార్
అన్నా, ఆ పాత మిట్టెల్ జి, డి తీసేస్తే నాకియ్యి. నా వేళ్లు ఇంకా కొత్తవే.