అప్‌డేట్: గ్రూప్ విడిగానే పెట్టేశాం

సరదాకి కంప్యూటర్లు విప్పి బిగించుకునే మాలాంటివాళ్లకి విడిగా గ్రూప్ పెట్టాలా, ఉన్న పెద్ద గ్రూప్‌లోనే సర్దుకోవాలా అని పోయిన నెల మిమ్మల్ని అడిగాను. నలుగురే ఉంటే రెండు వారాల్లో మూతపడుతుందని చాలామంది హెచ్చరించారు. ఆ భయం నాకూ ఉంది కాబట్టి ముందు ఆదివారాలు వీడియో కాల్‌లో కలిసి చూశాం. ఏడుగురం నిలబడ్డాం.

మూడో వారం ఒకాయన తన పాత డెస్క్‌టాప్ ఆన్ చేసినప్పుడల్లా తేదీ వెనక్కి పోతోందన్నారు. కంప్యూటర్ ఆపేసినా గడియారం నడిచేలా చూసేది మదర్‌బోర్డు (లోపలి ప్రధాన సర్క్యూట్ బోర్డు) మీద నాణెమంత ఉండే సీఆర్ 2032 బ్యాటరీ. దాన్ని కెమెరా ముందే తీసి, వోల్టులు కొలిచే మల్టీమీటర్ పెట్టారు. 3 వోల్టులు ఉండాల్సింది, 2 కూడా లేదు. కొత్తది వేయగానే గడియారం సరిగ్గా నడిచింది. ఆయన ముఖం చూడాల్సింది! పెద్ద గ్రూప్‌లో అయితే "కొత్త సిస్టమ్ కొనుక్కోండి" అనేవారు.

1975 మార్చిలో అమెరికాలో, మాలాగే సరదాకి కంప్యూటర్లతో కుస్తీపట్టేవాళ్ల హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్ మొదలైంది కూడా ఒక గ్యారేజీలోనే. ఆపిల్ కంపెనీ పెట్టినవాళ్లలో ఒకరైన స్టీవ్ వోజ్నియాక్ తన ఆపిల్-1 కంప్యూటర్‌ని చూపించింది ఆ క్లబ్ వాళ్లకే. చిన్నగా మొదలైతే తప్పేం లేదని అందుకే నమ్ముతున్నాను.

గ్రూప్‌ని ఒకే బ్రాండు కంప్యూటర్లకి పరిమితం చేయమన్న సలహా మాత్రం తీసుకోలేదు. పెట్టుకున్న నియమం ఒకటే: ప్రశ్న అడిగినవాళ్లు చివరికి ఏం చేస్తే పనైందో తిరిగొచ్చి చెప్పాలి.