అప్‌డేట్: 40 మీటర్ల టార్గెట్ 41.2 దగ్గర ఎందుకు కనిపించిందో తెలిసింది

పోయిన వారం నేను అడిగింది ఇదీ: గచ్చిబౌలిలోని మా ల్యాబ్‌లో సిమ్యులేటర్‌లో (రాడార్ సిగ్నల్‌ని అందుకుని, ఆలస్యంగా తిరిగి పంపి నకిలీ టార్గెట్ చూపించే పరికరం) 40 మీటర్లు పెడితే 77 గిగాహెర్ట్జ్ కారు రాడార్ 41.2 చూపిస్తోంది, తప్పు రాడార్‌దా, సిమ్యులేటర్‌దా?

"ముందు అసలు వస్తువుతో చూడు తమ్ముడూ" అన్న అన్నకు వెయ్యి దండాలు. ఆదివారం పొద్దున్నే ఖాళీ పార్కింగ్‌లో స్టాండ్ మీద కార్నర్ రిఫ్లెక్టర్ (మూడు లోహపు పలకల్ని మూలలా కలిపి, సిగ్నల్‌ని వచ్చిన దిక్కుకే తిప్పి పంపేది) పెట్టి, దాని లోపలి మూల వరకు లేజర్ మీటర్‌తో కొలిచాను. సరిగ్గా 12 మీటర్లు. రాడార్ 12.05 చూపించింది. అంటే రాడార్ తప్పేం లేదు.

తర్వాత సిమ్యులేటర్‌లో 20, 40, 80 పెట్టి చూశాను. మూడుచోట్లా అదే 1.2 మీటర్ల తేడా! దూరంతోపాటు తేడా పెరిగి ఉంటే రాడార్ చిర్ప్ వాలునో (సిగ్నల్ ఫ్రీక్వెన్సీ మారే వేగం), క్లాక్‌నో అనుమానించేవాణ్ణి. మారలేదంటే ఎక్కడో స్థిరమైన ఆలస్యం ఉన్నట్టే. వెనక్కి తిరిగి చూస్తే, కిందటి నెల సిమ్యులేటర్‌కి మార్చిన కేబుల్ పాతదానికంటే 1.7 మీటర్లు పొడవు. కేబుల్‌లో సిగ్నల్ కాంతి వేగంలో 70 శాతంతోనే వెళ్తుంది కాబట్టి దాదాపు 8 నానోసెకన్ల ఆలస్యం. సిగ్నల్ వెళ్లి తిరిగి రావాలి కాబట్టి రాడార్‌కి ఒక్కో నానోసెకను 15 సెంటీమీటర్లు. లెక్క అతికినట్టు సరిపోయింది, ఆ క్షణం ఎంత ఊరటగా అనిపించిందో!

సిమ్యులేటర్‌లో ఆ స్థిరమైన తేడాని (ఆఫ్‌సెట్) సరిచేశాక 40కి 40.03 వస్తోంది. వేగం మొదటినుంచీ బాగానే ఉంది. సెకనుకు 20 మీటర్లకు డాప్లర్ (కదలిక వల్ల ఫ్రీక్వెన్సీలో వచ్చే మార్పు) 10.27 కిలోహెర్ట్జ్ రావాలి, వస్తోంది. టార్గెట్ రాడార్‌కి ఎంత పెద్దగా కనిపిస్తుందో, అంటే ఆర్‌సీఎస్, ఇంకా చూడాలి. దానికీ ఆ రిఫ్లెక్టర్‌నే వాడతాను.