బెల్టు విప్పేవరకు కత్తిపోటు తెలియకుండా ఉంటుందా?

బీబీసీ ‘షెర్లాక్’ ధారావాహికలో 2014లో ప్రసారమైన ‘ది సైన్ ఆఫ్ త్రీ’ భాగం గురించి శస్త్రచికిత్స, ఫోరెన్సిక్ వైద్యులను ఒక సందేహం అడగదలచాను. ఆ కథలో బిగుతైన బెల్టు మీదుగా సన్నని కత్తితో పొడిస్తే కాపలా సైనికుడికి ఏమీ తెలియదు. స్నానానికి వెళ్లి బెల్టు విప్పిన తరువాతే రక్తం కారుతుంది. 1898లో జెనీవాలో సన్నని ఆకురాయితో (లోహాన్ని అరగదీసే పనిముట్టు) గుండెలో పోటుకు గురైన ఆస్ట్రియా మహారాణి ఎలిజబెత్ లేచి ఓడ వరకు నడిచి వెళ్లారని, అందుకు బిగుతైన కార్సెట్ (నడుముకు బిగించి కట్టుకునే లోదుస్తు) కూడా ఒక కారణమని చెబుతారు కాబట్టి, దీన్ని పూర్తి కల్పన అని కొట్టిపారేయలేకపోతున్నాను. అయితే బెల్టు ఒత్తిడి పైగాయాన్ని మూసి ఉంచినా, పొట్ట లోపలి రక్తస్రావాన్ని కూడా ఆపగలదా? అంతసేపు నొప్పి తెలియకపోవడం, నాకు అన్నిటికంటే నమ్మశక్యంగా లేని విషయం, నిజంగా సాధ్యమేనా? ఇటువంటి గాయాలకు చికిత్స చేసినవారు దయచేసి వివరించగలరు.